శిలువ చూసి పంపిన మెసేజ్

నేను ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యాను. ఉద్యోగం మానేశాడని మా అమ్మ అంటుంది, రిటైరయ్యానని నేనంటాను. ఇద్దరికీ రాజీగా, వర్జీనియాలోని మా షాంటిలీలో ఎవరింటికి పాట్‌లక్‌కి వెళ్ళినా "మా వాడు ఇదివరకు డిప్లొమాట్" అని పరిచయం చేస్తుంది. ఆ మాట వినగానే ఎవరో ఒక అంకుల్ పేపర్ ప్లేటు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, వీసా స్టాంపింగ్ స్లాట్ సంగతి అడుగుతాడు. స్లాట్లు ఏనాడూ నా చేతిలో లేవంకుల్. ఒకే ఒక్కసారి ఒక మనిషి బతికున్నాడా పోయాడా అని తేల్చే పని నా చేతికొచ్చింది. అది కూడా తప్పు చేశాను.

ఈమధ్య కాలేజీ పిల్లలు కొందరు ఆ ఉద్యోగం పరీక్ష రాస్తామంటూ సలహాలు అడుగుతున్నారు. ఇంటర్వ్యూకి ఎలాంటి సూటు వేసుకోవాలని ఒకమ్మాయి అడిగింది. సూటు గురించి నాకు తెలిసింది ఒక్కటే, కంచరగాడిద మీద అది పనికిరాదు. మిగతాది రాస్తున్నాను, చదువుకోండి.

నా మొదటి పోస్టింగ్ మధ్య అమెరికాలో ఒక చిన్న దేశం. అక్కడి అమెరికా ఎంబసీలో కాన్సులర్ సెక్షన్‌లో అందరికంటే జూనియర్ ఆఫీసర్‌ని. ఆ సెక్షన్‌ని నిజంగా నడిపేది మాత్రం అక్కడే పుట్టి పెరిగిన ఒకావిడ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రెండేళ్ళకోసారి మాలాంటి కొత్తవాళ్ళు వస్తారు, ఆవిడ తర్ఫీదు ఇస్తుంది, మేం పైకి వెళ్ళిపోతాం, ఆవిడ అక్కడే ఉంటుంది. మొదటిరోజే నాతో ఒక మాట చెప్పింది: "చావు గురించి రాసేటప్పుడు శవాన్నో రిజిస్టర్‌నో చూసి రాయి. జనం మొహాలు చూసి రాయకు." నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ కేసుకి బయల్దేరిన రోజు నోట్‌బుక్ టేబుల్ మీదే మర్చిపోయాను.

కేసు నోవై నుంచి వచ్చింది. నోవై అంటే మిషిగన్‌లో, నేను పదమూడేళ్ళప్పుడు గుంటూరు నుంచి వచ్చి పడిన ఊరు. అక్కడ డెంటల్ క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేస్తున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న అమెరికన్ సిటిజన్, ఆ చుట్టుపక్కల రోడ్ల పనిలో జీవితమంతా గడిపి, మూడేళ్ళ కిందట కొండల్లోని తన సొంత ఊరికి వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం నాలుగు గంటలు నడిచి, కింది ఊళ్ళోని దుకాణం నుంచి ఫోన్ చేసేవాడు. ఏడు వారాలుగా ఫోన్ లేదు. ఆ దుకాణానికి తనే ఫోన్ చేసి నాన్న పేరు చెబితే, దుకాణదారు ఎంతో మర్యాదగా, "అయ్యో, ఆయన పోయాడు కదమ్మా" అన్నాడట. తల్లి లేదు, తోబుట్టువులు లేరు. "ఉన్నాడో లేడో చెప్పండి. ఏదైనా పర్లేదు, ఖాయంగా చెప్పండి" అంది.

ఇలాంటి వాటికి వెళ్ళి చూసి రావడం మా పని. జీప్ రోడ్డు కొండచరియలు విరిగి మూసుకుపోయింది కాబట్టి కంచరగాడిద మీద వెళ్ళాలి. ఇది చెప్పగానే నా బ్యాచ్‌మేట్లు అసూయపడ్డారు. వాళ్ళలో ఎవరూ కంచరగాడిద ఎక్కలేదని మనవి.

నన్ను తీసుకెళ్ళినాయన పొరుగు లోయవాడు, యాభై దాటిన మనిషి. రెండు గాడిదలు, ఒక పాలిథిన్ షీటు, స్పానిష్, ఆ కొండల భాష, ఇవి ఆయన ఆస్తి. ఈయన్ని గాడిదలాయన అందాం. దారంతా నన్ను "కాన్సుల్‌గారూ" అనేవాడు, నా గాడిదని కూడా అంతే గౌరవంగా పిలిచేవాడు. దారిలో ఒక పక్క కొండ, ఒక పక్క పొగమంచు. మంచు కింద ఏముందని అడిగితే "ఏమీ లేదు" అన్నాడు. ధైర్యం చెబుతున్నాడనుకున్నాను. తర్వాత మంచు కాస్త విడింది. నిజంగానే ఏమీ లేదు.

మొదటి ఊళ్ళో ఆయన పేరు చెప్పి అడిగాను. గుమ్మంలో మొక్కజొన్నలు ఒలుస్తున్న ఆవిడ లేచి, కోపం లేకుండా, పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు వేసినంత నెమ్మదిగా తలుపు వేసేసుకుంది. ఎదురింటాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని, నన్ను కాకుండా నా వెనకాల చూశాడు. నా వెనక ఎవరూ లేరు. చూసుకున్నాను. రెండుసార్లు.

"పోయాడు" అన్నాడాయన.

రెండో ఊళ్ళోనూ అంతే. అక్కడ పేరు పూర్తిగా చెప్పకముందే ఒక ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. కుక్కలు కూడా మొరగలేదు. మా అమ్మ వాట్సాప్‌లో క్షేమమా అని బయల్దేరేముందు అడిగినదానికి ఇక్కడంతా ప్రశాంతంగా ఉందని పెట్టాను. మెసేజ్ వెళ్ళలేదు, సిగ్నల్ లేదు. నాతో ఉన్నది ఆఫీసువాళ్ళ శాటిలైట్ ఫోను, అది ఆకాశం కనిపించే చోటే పనిచేస్తుంది. ఆ కొండల్లో ఆకాశం అరుదు.

రెండోరోజు మధ్యాహ్నానికి ఆయన ఊరు చేరాం. ఊరి మొదట్లోనే శ్మశానం. సమాధులన్నిటికీ నీలం, పసుపు, గులాబీ రంగులు, దూరం నుంచి చూస్తే మా దగ్గరి టౌన్‌హౌస్ కమ్యూనిటీలా ఉంది, వీటికి అసోసియేషన్ ఫీజు లేదంతే. మూడో వరసలో ఆయన పేరుతో శిలువ. అక్కడ తండ్రిదీ తల్లిదీ కలిపి మనిషికి రెండు ఇంటిపేర్లు, రెండూ సరిపోయాయి. పుట్టిన తేదీ నా ఫైల్లో ఉన్నదే. పోయిన తేదీ ఉండాల్సిన చోట కొత్త నీలం రంగు. ముట్టుకుంటే వేలికి అంటింది. తాజా పూలు, తాజా పైన్ ఆకులు, గాజు తలుపున్న చిన్న పెట్టెలో విప్పని రెండు ఉత్తరాలు.

శ్మశానం పైనే ఇల్లు. ఒక పెద్దావిడ బయటికొచ్చింది. గాడిదలాయన మాట్లాడాడు, నా ప్రశ్నలు ఆవిడకీ ఆవిడ జవాబులు నాకూ అందించాడు. ఈ పేరుగల మనిషి ఆవిడకేమవుతాడు? మొగుడు. నోవైలో అమ్మాయి ఉన్న మనిషికి ఇక్కడో భార్య కూడా ఉందని ఫైల్లో లేదు. కూతురి సంగతి ఆవిడకి తెలుసో లేదో, దాన్ని మోసుకొచ్చింది నేను కాబట్టి నోరెత్తలేదు. ఉన్నాడా? పోయాడు. ఎప్పుడు? వానల్లో.

అప్పుడు వానాకాలమే. నాకు నడుము కింద స్పర్శ లేదు, ఇంకో కొండెక్కే ఓపిక లేదు. పచ్చి రంగు ఉంది, భార్య నోటి మాట ఉంది, రెండూళ్ళ సాక్ష్యం ఉంది. పుట్టుకలూ చావులూ నమోదు చేసే ఆఫీసు ఒకరోజు కింద ఉంది, దిగేటప్పుడు చూద్దాంలే అనుకున్నాను. శ్మశానం వాలు మీద కాస్త ఆకాశం కనిపించింది. అక్కడ నిలబడి నాకు తర్ఫీదిచ్చిన మా సీనియర్ ఆవిడకి మెసేజ్ కొట్టాను: మరణం నిజమే, సమాధి చూశాను, కుటుంబానికి తెలపవచ్చు. టైమ్ రెండూ పది.

ఇక్కడ ఒక మాట. ఆ మెసేజ్ పంపాక నాకు చాలా హాయిగా అనిపించింది. కష్టమైన పని అయిపోయిందని. ఆ హాయిని గుర్తుపెట్టుకోండి, మీకూ వస్తుంది. వచ్చినప్పుడు కాస్త అనుమానించండి.

వాన మొదలైంది. ఆవిడ మమ్మల్ని వంటింట్లోకి రమ్మంది. కిటికీ లేని గది, మధ్యలో పొయ్యి, పొగ. నల్ల చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు. మొదటి పళ్ళెం మాకు పెట్టలేదు. గుమ్మం పక్కన నేల మీద పైన్ ఆకులు పరిచి, దాని మీద పెట్టి, అటు చూడకుండా వెనక్కొచ్చింది. పోయినవాళ్ళకి పెడుతున్నారనుకుని తల వంచాను. మా ఇంట్లోనూ తద్దినానికి తీసి పెడతాం, నాకు తెలియని సంగతేం కాదు. కాకి వస్తుందేమో అన్నట్టు చూస్తున్నాను కూడా.

ఒక ముసలాయన వచ్చాడు. తడిసిన చొక్కా, కుడి మోకాలికి గుడ్డ కట్టు, చేతికర్ర. గుమ్మం పక్కన కూచుని ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. ఆవిడ నీళ్ళకోసం ఆయన పక్కనుంచే వెళ్ళింది, స్తంభం పక్కనుంచి వెళ్ళినట్టు. గాడిదలాయన గది అంతా చూస్తున్నాడు గానీ, ఆ మూల దగ్గరికి వచ్చేసరికి చూపు జారి మళ్ళీ ఇవతల తేలుతోంది.

"ఆయనెవరు?" అని మెల్లగా అడిగాను.

"ఎవరు?" అన్నాడు గాడిదలాయన.

ఎత్తుకి మెదడులో ఆక్సిజన్ తగ్గుతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. తాగాను. ముసలాయన ఇంకా ఉన్నాడు. రొట్టె నములుతూ నా తలకేసి చూస్తున్నాడు. నా తల మీద డెట్రాయిట్ బేస్‌బాల్ టోపీ ఉంది. నమలడం ఆపి, మిషిగన్ యాసలో, ఇంగ్లీషులో అడిగాడు.

"ట్వెల్వ్ మైల్ రోడ్ పని అయిపోయిందా?"

 మా నోవైలో ఆ రోడ్డు పని ఎన్నటికీ తెమలదు, అక్కడ పెరిగినవాడిని ఆ ప్రశ్న ఎవరడిగినా, ఏ లోకంనుంచి అడిగినా, జవాబు దానంతటదే వచ్చేస్తుంది.

"లేదు, ఇంకా ఒక్క లేనే తెరిచారు" అన్నాను.

ఆయన తల ఊపాడు, అనుకున్నదే అన్నట్టు. అప్పుడు నా జేబులో ఉన్న ఫొటో గుర్తొచ్చింది. కూతురు పంపిందే, కానీ చలికాలంలో తీసింది, అందులో మనిషికంటే కోటు ఎక్కువ. టోపీకీ మఫ్లర్‌కీ మధ్య ఒక ముక్కు. తీసి చూశాను. ముక్కు అదే.

పేరు పెట్టి పిలవబోయాను. గాడిదలాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. రెండురోజుల్లో నన్ను తాకడం అదే మొదటిసారి.

"ఇక్కడ ఆ పేరుతో పిలవకండి. వింటాడు" అన్నాడు. ముసలాయన వైపు కాదు, కిందికి, శ్మశానం వైపు చూస్తూ అన్నాడు.

బయటికి లాక్కెళ్ళి, చూరు కింద నిలబెట్టి చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఉత్తరాన అమెరికా సరిహద్దునుంచి మేకులు కొట్టిన పెట్టె ఒకటి వచ్చింది. లోపలి శవం చొక్కా జేబులో ఈ ఊరివాడి గుర్తింపు కార్డు ఉందన్నారు. పెట్టె విప్పే స్థితిలో లేదు. ఏడ్చారు, తొమ్మిది రోజులు ప్రార్థనలు చేశారు, పూడ్చారు. మూడేళ్ళ కిందట ఈయన కాలినడకన ఊళ్ళోకి వచ్చాడు. అమెరికాలోకి ఎడారి దాటేముందు, చలికి వణుకుతున్న ఎవరో కుర్రాడికి తన చొక్కా ఇచ్చాడట. కార్డు జేబులో ఉన్న సంగతి మర్చిపోయాడట.

ఊరి పెద్దలు మూడురోజులు కూచున్నారు. సమాధిలో ఉన్నవాడికి వేరే పేరు లేదు. వాడి తల్లి ఎక్కడుందో, ఏ భాషలో ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ ఆ పేరుతో పిలిస్తేనే వచ్చి పూలు తీసుకున్నాడు, వానలు ఆపాడు, పిల్లల జ్వరాలు తగ్గించాడు. ఇప్పుడా పేరు లాక్కుంటే వాడు గుమ్మం గుమ్మానికీ తిరిగి తన పేరేమిటని అడుగుతాడు. వచ్చినాయన ఇంకోచోట ఇంకో బతుకు బతికాడు, పేరు లేకపోయినా గడుస్తుంది. అందుకని పేరు సమాధికే ఉంచేశారు. ఈయన ఇక్కడ ఉండొచ్చు, తినొచ్చు. పేరు పెట్టి పిలవరు, పలకరించరు. ఈయన దానికి ఒప్పుకున్నాడు.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"పేరు చెప్పి, ఉన్నాడా అన్నారు. ఆ పేరుగలాయన పోయాడు. అబద్ధమైతే చెప్పలేదు కాన్సుల్‌గారూ."

"ఆ రంగు పచ్చిగా ఉందేం?"

"ఏటా వేస్తాం కదా."

వానలో వాలు మీదికి పరిగెత్తాను. పరిగెత్తాను అనేది నా మాట, చూసినవాళ్ళు జారాడని చెబుతారు. మా సీనియర్ ఆవిడ రెండో రింగుకే ఎత్తింది.

"అమ్మాయికి చెప్పేశారా?"

"అరగంట అయింది. ఏం?"

చెప్పాను. 

"నువ్వు చూశావా?"

"శిలువ చూశాను."

"నేను శిలువ గురించి అడగలేదు" అంది. తిట్టలేదు. అమ్మాయి నంబరు చెప్పింది, "ఈసారి నువ్వే చెయ్యి" అని పెట్టేసింది. ఆ రోజు నాకు పడిన తిట్టు అంతే. ఇప్పటికీ తగ్గలేదు.

వెనక్కి చూస్తే ముసలాయన కర్ర పోటేసుకుంటూ వాలు దిగి వస్తున్నాడు. ఆ మోకాలితో ఏడు వారాలుగా కింది ఊరికి వెళ్ళలేకపోయాడని అప్పుడు అర్థమైంది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మంచులో మొహాలు కనిపించడంలేదు, టోపీలూ శాలువాలూ మాత్రమే.  అరవైమంది నన్నే చూస్తున్నారో, నా పక్కనున్న ఖాళీని చూస్తున్నారో తెలియలేదు.

ఆమె ఎత్తింది. నేను ఎంబసీ నుంచి అన్నాను. "ఇందాకే చెప్పారు" అంది. గొంతులో తడి లేదు, ఏమీ లేదు. నా క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోను ఆయన చేతికిచ్చేశాను. డిప్లొమసీ అంటే ఇదే.

ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకుని "మిహా" అన్నాడు. అమ్మలూ అని. ఫోను స్పీకర్ మీద ఉంది, తీయడం నాకు తట్టలేదు. 

"పపా, నువ్వు చచ్చిపోయావన్నారు."

"ఇక్కడ అందరూ అదే అంటున్నారు తల్లీ" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది, మోకాలికి ఏమైందని అడిగింది, డాక్టర్ ఉన్నాడా అంది, వెంటనే వచ్చెయ్యమంది. మధ్యమధ్యలో పపా, పపా అని. ఆయన అన్నిటికీ ఊఁ కొడుతున్నాడు.

ఆ పెద్దావిడ ఎప్పుడొచ్చిందో మా వెనక నిలబడి ఉంది. తల మీద పాలిథిన్ షీటు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, స్పానిష్ అంతంతమాత్రం. కానీ పపా అనే మాటకి ఏ భాషలోనూ గాడిదలాయన అవసరం లేదు. ఫోను వైపు చూసింది. తర్వాత, మూడేళ్ళలో మొదటిసారిగా, తిన్నగా ఆయన మొహంలోకి చూసింది. గుమ్మాల్లో శాలువాలు కదిలాయి.

ఆవిడ ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. గాడిదలాయన అనువాదం చెయ్యలేదు, నోరు తెరిచి నిలబడ్డాడు. నేను మోచేత్తో పొడిస్తే చెప్పాడు. "దానికెన్నేళ్ళు, అంటోంది."

ముసలాయన గొంతు సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది. ఆ భాషలో ఆయనతో ఎవరూ మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఇరవై ఏడు, అన్నాడు.

ఆవిడ సమాధి వైపు తిరిగింది. పెదవులు కదుపుతూ, వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఇరవై తొమ్మిదిలోంచి ఇరవై ఏడు తీస్తే ఎంతో నాకు తెలుసు, నోరు మూసుకున్నాను. ఆయన కూడా సమాధినే చూస్తున్నాడు, గాజు పెట్టెలో ఉన్న రెండు ఉత్తరాల్ని. అవి ఆయన అమెరికా నుంచి పెళ్ళానికి రాసినవేనట. చచ్చినవాడి పేరుతో వచ్చిన ఉత్తరం బతికున్నవాళ్ళు విప్పకూడదని, ఎవరివి వాళ్ళకే ఇచ్చేశారు. జవాబు రాకపోతే పెళ్ళాం తనని వద్దనుకుందని ఆయన అక్కడ అనుకున్నాడు.

"అయితే నువ్వు పోయాకే పుట్టింది" అంది ఆవిడ.

ఆయన అవునన్నట్టు తల వంచాడు.

ఆవిడ నా వైపు తిరిగి, గాడిదలాయన అనువాదం అందుకునేలా ఆగి ఆగి చెప్పింది. "రాసుకో. ఆ పిల్ల తండ్రి బతికే ఉన్నాడు. నా మొగుడు పోయాడు. మధ్యలో ఎవరి తప్పూ లేదు." పాలిథిన్ షీటు తీసి ఆయన తల మీద కప్పి, తను తడుస్తూ పైకి వెళ్ళిపోయింది. ఇంకేమైనా అంటుందేమోనని ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు. అనలేదు. మంచు మూసుకుంది. ఫోనులో కూతురు, "పపా, అదెవరు?" అని అడుగుతూనే ఉంది.

"పెద్ద కథ. వచ్చి చెబుతాను" అన్నాడు.

మర్నాడు నా గాడిదని ఆయనకిచ్చి నేను నడిచాను. త్యాగం కాదు, నడుము. ఊరు దాటేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. తిరగకూడదట, అదీ పద్ధతే. శ్మశానం దగ్గర మాత్రం గాడిద దిగి, ఆ కుర్రాడి సమాధి ముందు నిలబడి, చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు. నేను దూరంగా నిలబడ్డాను. ఇద్దరి మధ్య ఏం మాటలు నడిచాయో ఎంబసీకి సంబంధం లేదు.

ఆ అమ్మాయిని తర్వాత నోవైలో ఒకసారి కలిశాను, సారీ చెప్పడానికి. పర్లేదంది. మా ఆఫీసు నుంచి వార్త విన్నాక ఏం చేసిందో చెప్పింది. క్లినిక్ పార్కింగ్‌లో కార్లో కూచుంది. ఎవరికైనా చెబుదామని ఫోన్లో కాంటాక్టులన్నీ పైనుంచి కిందికి చూసింది. చెప్పాల్సిన మనిషి ఒక్కడే, అతనే పోయాడు. నా ఫోన్ వచ్చేదాకా అలాగే కూచుంది. అరగంట పైనే. ఇది చెబుతూ నవ్వింది. ఆ పూట నాకు జోకులేమీ తట్టలేదు.

ఫైలు సంగతి. మా సిస్టంలో ఒకసారి ఎక్కిన మెసేజ్ చెరపడానికి వీల్లేదు. అందుకని ఇప్పటికీ మా రికార్డుల్లో ఒకే పేరుగల మనిషి రెండూ పదికి పోయి, మూడుకి అయిదు నిమిషాల ముందు బతికే ఉన్నాడు. పై అధికారులు వివరణ అడిగితే నాలుగు పేజీలు రాసి మా సీనియర్ ఆవిడకి చూపించాను. ఆవిడ చదివి, నాలుగు పేజీలూ మడిచి సొరుగులో పెట్టేసింది.

"రెండు మెసేజ్‌లూ అలాగే ఉండనీ. ఆ సమాధిలో కుర్రాడి గురించి ప్రభుత్వం దగ్గరున్న కాగితం నీ తప్పు ఒక్కటే" అంది.